గోడకు వినపడే ప్రార్థన

నర్సింగ్ హాస్టల్, బీదరు
జూన్ 1993

ప్రియమైన తాతకు,

నీ మనవరాలు కృపామణి వందనాలు. నేను బాగున్నాను. డ్యూటీలు ఎక్కువగా ఉన్నా తిండికి లోటు లేదని అమ్మకు చెప్పు.

ఇక్కడ సాయంత్రాలు మా ప్రార్థన సహవాసం కూడుతుంది. ఈ నెల నుంచి శిష్యరికం గురించి నేర్పుతున్నారు. ఆదివారం గుడికి వెళ్ళి వచ్చినంత మాత్రాన శిష్యులం కాలేమట. శిష్యుడన్నవాడికి రోజువారీ అలవాటు ఒకటి ఉండాలట. మేం ఒక్కొక్కరం మా ఇంట్లోవాళ్ళలో ఒకరిని ఆ అలవాటులోకి తీసుకురావాలన్నారు. నేను నీ పేరు చెప్పాను. "మా తాత చాలా సరదా మనిషి" అన్నాను. మిగతాది చెప్పలేదు.

నువ్వు చేయవలసింది పెద్ద పనేమీ కాదు. పొద్దున కరెంటు ఫ్యాక్టరీ కూత వినపడగానే లేచి చాప మీద కూర్చో. బైబిల్లో కొంచెం వాక్యం చదువు. చదివినదాని గురించి కాసేపు ఆలోచించు. ఆ తర్వాత ఒక మనిషి కోసం పేరు పెట్టి ప్రార్థించు. నీకు నచ్చినవాళ్ళ కోసం కాదు, ఎవరి గొంతు వింటే నీకు ఒళ్ళు మండుతుందో వాళ్ళ కోసం. క్రిస్మస్ దాకా మానకూడదు.

దయచేసి దీన్ని నవ్వులాటకు తీసుకోకు.

నీ కృప


చిక్కసూగూరు
జూన్ ఆఖరు

బిడ్డ కృపకు తాత దావీదప్ప రాసేది ఏందంటె,

నీ ఉత్తరం ముట్టింది. మీ అమ్మ జయాబాయి "నేను చదివిపెడ్త మామా" అన్నది, ఇయ్యలే. కూడబలుక్కోని నేనే చదివిన. చదువుతుంటె రేడియోల వార్తలు విన్నట్టుంది. గుంటూరు పిల్లలతోని ఉండి ఉండి నీ తెలుగుకు ఇస్త్రీ చేయించినవు. మంచిదె. మడత పోకుండ చూసుకో.

నన్ను శిష్యుడు కమ్మంటున్నవు. ప్రభువు చేపలు పట్టేటోళ్ళను పిలిచిండు, పన్నులు వసూలు చేసేటోన్ని పిలిచిండు. పండ్లు ఊడినోన్ని పిలిచినట్టు నాకు యాదికి లే. అయినా నువ్వు అందరి ముంగట నా పేరు చెప్పి కూసున్నవు. ఇప్పుడు నేను కాదంటె నీ ఇజ్జత్ పోతది. అందుకె ఒప్పుకుంటున్న.

ఒక తక్లీఫ్ ఉంది. నేను చదివింది రెండో తరగతి. నోటితోని చదివితెనె నాకు అర్థమైతది, మనసుల చదువుడు రాదు. ప్రార్థన గూడ గంతె. గొంతు ఎత్తకుంటె దేవునికి గాదు, నాకే వినపడదు. ఇగ మన ఇల్లు నీకు తెల్వందా. మనకు, పక్కింటి మీ తిమోతి తాతకు నడుమ ఉన్నది గోడ అని పేరుకె. నిలవెట్టిన షాబాదు బండలు అవి. సందుల నుంచి పిల్లి గూడ తొంగి చూస్తది. నేను పొద్దుగాల ఏం చదివినా ఆయనకు ఉచితంగ ముడుతది.

ఒళ్ళు మండే మనిషి కావాలంటివి. దూరం పోవుడు ఎందుకు, ఆ తిమోతి బావే ఉన్నడు. నా చెల్లె మొగుడు గాబట్టి నాకు హక్కు గూడ ఉంది. మా మార్త పోయి ఏడాది కాలే, దినాం పొద్దుగాల ఒకటే కీర్తన ఎత్తుకుంటడు. అది పాటనో, బొగ్గు వ్యాగన్లు ఒకదానికొకటి గుద్దుకునుడో ఎవరూ చెప్పలేరు. ఫ్యాక్టరీ బొగ్గు యార్డు నుంచి మనిషి రిటైరయిండు గాని గొంతు ఇంక డ్యూటీల ఉంది.

రేపటి సంది మొదలుపెడ్త. దేవుడు జాగ్రత్తగ ఉండాలె.

తాత


బీదరు
జూలై

ప్రియమైన తాతకు,

నువ్వు ఒప్పుకున్నావని సహవాసంలో చెప్పాను. అందరూ చప్పట్లు కొట్టారు. మా ఇన్‌ఛార్జి అక్క నీ కోసం ప్రత్యేకంగా ప్రార్థన చేసింది.

గట్టిగా చదవడంలో తప్పేమీ లేదు. తిమోతి తాత కోసం ప్రార్థించాలనుకోవడం మంచిదే. ఆయన ఒంటరిగా ఉన్నారు, తన వంట తానే చేసుకుంటున్నారు. ఆయనకు ఏం కావాలో దేవుణ్ణి అడుగు. ఎలా సాగుతోందో రాయి. ఒక్క మాట, నువ్వు ఆయన పాట గురించి రాసింది చదివి నాకు నవ్వు రాలేదు. ఎందుకో ఇంకెప్పుడైనా చెబుతాను.

నీ కృప


చిక్కసూగూరు
ఆగస్టు

బిడ్డ కృపకు,

జాబు రాసుడు ఆలస్యమయింది. ఆధ్యాత్మిక జీవితంల తీరిక దొరుకుతలేదు.

నువ్వు చెప్పినట్టె చేసిన. కూత కూసింది, కూసున్న, ఏలు పెట్టుకోని ఒక ముక్క చదివిన. బావకు ఏం కావాలెనో దేవుని అడగమన్నవు గదా. అప్పుడె అవతల జొన్నరొట్టె మాడిన వాసన. గా వాసన పట్టుకోని ప్రార్థన చేసిన. "ప్రభువా, గోడవతల నీ దాసుడు తిమోతి రొట్టె చేస్తున్నడు. అది తిప్పేసే యేళ వానికి తెల్వజెయ్యి. వాసన నీ దాక గూడ వస్తుండొచ్చు."

తర్వాత అవతల నుంచి గొంతు లేసింది. "తండ్రీ, గోడవతల ఒకని పండ్లన్నీ తీసుకున్నవు. నాలుక ఎందుకు ఇడిసిపెట్టినవో నీకె తెల్వాలె."

నాకు మస్తు ఖుషీ అయింది. ఆమేన్ అన్న. ఆయన గూడ ఆమేన్ అన్నడు.

ఇగ దినాం గదే. నేను ఆయన మోకాళ్ళ కోసం ప్రార్థిస్త, ఆయన నా గర్వం కోసం ప్రార్థిస్తడు. హోటల్ శివప్పకు ఖబర్ పోయింది. చాయ్ గిలాసలు పట్టుకోని నలుగురిని ఎంటబెట్టుకోని వచ్చి మన అరుగు మీద కూసుంటున్నడు. "తాతా, ఇయ్యాల ముందుగాల ఎవరి వంతు?" అంటడు. ఆదివారం గుడికి రానోళ్ళు గూడ వస్తున్నరు. మీ అమ్మ ఒక్కతె మొఖం ముడుచుకుంటది. "మామా, దేవుని పేరు మీద ఇది బాగుందా?" అంటది. ఆమెకు భక్తి తక్కువ.

పోయిన వారం బావ ఆ కీర్తన మరీ లాగిండు. జనం నా దిక్కు చూస్తున్నరు. నేను కండ్లు మూసుకున్న. "ప్రభువా, మా మార్త నీ దగ్గరికి అంత తొందరగ ఎందుకు ఉరికిందో ఇయ్యాల నాకు తెలిసింది. ఈ పాట నుంచి తప్పించుకోనికె. ఆమెకు జర లోపలి గది ఇయ్యి. ఈయన గూడ ఒక దినం వస్తడు, వచ్చి అక్కడ గూడ పాడుతడు."

శివప్ప నవ్వి నవ్వి చాయ్ మీద ఒలికిచ్చుకున్నడు. అవతల నుంచి జవాబు రాలే. ఆమేన్ గూడ రాలే. గెలిచిన.

గప్పటి సంది పాట బందు. నీ పద్ధతి మస్తు పని చేస్తున్నది బిడ్డ. ఇప్పుడు నాకు ఒళ్ళు మండుతలేదు.

తాత


బీదరు
ఆగస్టు ఆఖరు

తాతా,

నీ ఉత్తరం డ్యూటీ గదిలో చదివాను. అందరూ తమకూ చదివి వినిపించమన్నారు. చదవలేదు.

ఇంకెప్పుడైనా చెబుతానన్నది ఇప్పుడే చెప్పవలసి వస్తోంది. మార్తవ్వ చివరి వారం నేను సెలవులో వచ్చి ఆమె పక్కనే ఉన్నాను, గుర్తుందా? నువ్వు వచ్చినప్పుడల్లా వాకిట్లో నిలబడి ఏదో ఒకటి అని నవ్వించి వెళ్ళేవాడివి. నువ్వు వెళ్ళాక ఆమె తిమోతి తాతను పాడమనేది. ఆయన సిగ్గుపడేవారు. తనకు పాట రాదని ఆయనకు తెలుసు. అయినా పాడేవారు. ఒక చోట రాగం ఎప్పుడూ తప్పేవారు. అక్కడికి రాగానే ఆమె కళ్ళు మూసుకునే నవ్వేది. అంత నొప్పిలోనూ నవ్వేది. "నేను పోయినా రోజూ పాడు. ఎక్కడున్నా నీ తప్పు పట్టుకుంటా" అంది.

అందుకే ఆయన పాడుతున్నారు. ఆమె తోడబుట్టిన నీకు ఆ సంగతి చెప్పమంటే, "వద్దు బిడ్డా, దావీదు దాన్ని గూడ తమాషా చేస్తడు" అన్నారు. నువ్వు అలా చేయవని ఆయనకు చెప్పాలనుకున్నాను. నోరు రాలేదు.

అమ్మ రాసింది. ఆయన రెండు ఆదివారాలుగా గుడికి రావడం లేదట. క్రిస్మస్ లోపల ఇల్లు ఖాళీ చేసి జాలహళ్ళిలో వాళ్ళ అక్క దగ్గరికి వెళ్ళిపోతానంటున్నారట. నువ్వు ఈ సంగతి నాకు రాయలేదు.

ఆయన కోసం ప్రార్థించమన్నాను. ఆయన్ను దేవుడి ముందు నిలబెట్టి ఊరితో నవ్వించమనలేదు.

కృపామణి


చిక్కసూగూరు
సెప్టెంబరు

బిడ్డ కృపకు,

నీ ఉత్తరం చదువుడు అయినంక ఆ దినం నేను అన్నం తినలే. జయాబాయి అడిగితె ఎండకు బేజారయిందన్న. నమ్మింది. నేను అబద్ధం చెప్తె నమ్ముతరు ఈ ఇంట్ల.

తెల్లారి మంచి ధోతి కట్టుకోని బావ తలుపు కొట్టిన. మంచి ధోతి కట్టుడె తప్పయింది. శివప్ప చూసిండు. "ఏయ్, తాత కొత్త ఆట మొదలుపెట్టిండు" అని అందరిని పిలిచిండు. బావ తలుపు తీసిండు. నేను "బావా, తప్పయింది" అన్న. గంతె అన్న. ఎనక నుంచి అందరు నవ్విండ్రు.

బావ నన్ను చూడలే, నా ఎనక ఉన్నోళ్ళను చూసిండు. "ఇయ్యాల మస్తు మందిని తెచ్చినవు దావీదూ" అని తలుపేసుకున్నడు.

గుడి అయ్యగారి దగ్గరికి పోయిన. "అయ్యగారూ, నేను బావకు క్షమాపణ చెప్పాలె, మీరు నడుమ ఉండుండ్రి" అన్న. ఆయన గూడ నవ్విండు. "ఏంది తాతా, క్రిస్మస్ నాటకానికి తయారీనా?" అన్నడు. వాడు చిన్నపిల్లగాడున్నప్పుడు వాని టోపీ మేక మీద పెట్టి ఊరంత తిప్పిన. గది మర్చిపోలే కావొచ్చు.

ఇన్నేండ్లు నా నోటి నుంచి ఊరంత తమాషాలె కొన్నది. ఇప్పుడు అందుల నుంచి ఒక్క నిజం మాట రావాలంటె దారి లేదు. దాని అంగడిల గా మాలు ఎన్నడు పెట్టలే గదా, ఎవరు కొంటరు.

మొదటి ఆదివారం ప్రభువు బల్ల. నీకు తెలుసు, నేను, బావ పక్కపక్కన మోకరిస్తం. ఆయనకు మోకాలు వంగదు, నా భుజం పట్టుకోని వంగుతడు. నేను ప్రతిసారి దాని మీద గూడ ఏదో ఒకటి అంటుంటి. ఈసారి పక్క జాగ ఖాళీగ ఉంది. నేను లేవలే. అందరు పోయి రొట్టె, రసం తీసుకోని వచ్చిండ్రు, నేను బెంచి మీదనె కూసున్న. ఎవరికన్నా మన మీద కోపముంటె కానుక ఆడనె ఇడిసి, పోయి ముందుగాల కలుసుకొమ్మని వాక్యం చెప్తది. పోయిన గదా. కలుసుకోలే ఆయన. గా తర్వాత ఏం చెయ్యాలెనో మాత్రం నాకు దొరకలే.

నీకు తెలిస్తె రాయి. సహవాసంల అడిగి రాయకు. నువ్వే రాయి.

తాత


బీదరు
అక్టోబరు

ప్రియమైన తాతకు,

పోయినసారి నేను కటువుగా రాశాను. ముందు నా సంగతి ఒకటి చెప్పాలి. నీకు రోజూ కూర్చోమని నేర్పిన నేను, ఇక్కడ కళ్ళు మూసుకోగానే నిద్రపోతున్నాను. పక్క మంచం అమ్మాయి దుప్పటి లాగి లేపుతోంది. సహవాసంలో మాత్రం రోజూ క్రమంగా చేస్తున్నానని తల ఊపుతున్నాను. నీ శిష్యరికం కంటే నాది ఏమంత గొప్పగా లేదు.

నువ్వు అడిగినదానికి నా దగ్గర పెద్ద జవాబు లేదు. మా వార్డులో గొంతు ఆపరేషన్ అయిన ఒక పెద్దాయన ఉన్నారు. మాట్లాడలేరు. నేను డ్యూటీకి వచ్చినప్పుడల్లా మంచం పక్కన నిలబడి ధైర్యం చెప్పేదాన్ని, వాక్యం చెప్పేదాన్ని. ఒకరోజు ఆయన చెయ్యెత్తి నా నోటి వైపు చూపించి, వద్దన్నట్టు ఊపారు. తర్వాత స్టూలు చూపించారు. కూర్చున్నాను. ఏం చేయాలో తోచలేదు. కొంతసేపటికి ఆయన ఊపిరి వినపడటం మొదలైంది. ఎక్కడ ఇబ్బంది పడుతున్నారో అప్పుడు తెలిసింది. అన్ని రోజులూ నా గొంతు చప్పుడులో అది నాకు వినపడలేదు.

తాతా, నీ నోటిని ఊళ్ళో ఎవరూ నమ్మరు. నిజం చెప్పాలంటే నేనూ నమ్మను. దానికి కొంతకాలం సెలవు ఇవ్వు. కూత కాగానే కూర్చో, కానీ చదవడం లోపలే, ప్రార్థన లోపలే. జనం వచ్చినా సరే. తిమోతి తాత వింటారని కాదు, ఆయన కోసం కూర్చో.

నీకు ఇది ఎంత కష్టమో నాకు తెలుసు. నువ్వు పెళ్ళిళ్ళలోనే కాదు, సమాధుల దగ్గర కూడా ఊరుకోలేదు.

నీ కృప


చిక్కసూగూరు
డిసెంబరు

బిడ్డ కృపకు,

నువ్వు పెట్టిన శిక్ష జైలుల గూడ ఉండదు. నోరు మూసుకోని చదివితె అక్షరాలు ఏలి కింద నుంచి ఉరుకుతున్నయి. ఒక్క ముక్క పట్టుకునేసరికి మీ నాయన డ్యూటీ నుంచి వచ్చి తానం గూడ చేస్తున్నడు. మొదటి దినం జయాబాయి నా మొఖం ముంగట చెయ్యి ఊపింది. "మామా, మూతి పడిపోయిందా? దవాఖానాకు పోదామా?" అన్నది. తల అడ్డం ఊపిన. ఆమె ఇంక పరేషాన్ అయింది.

శివప్ప మంది వచ్చి కూసున్నరు. చూసిండ్రు. చాయ్ సల్లారిపోయింది. లేసి పోయిండ్రు. కొన్ని దినాలకు రావుడె బందు పెట్టిండ్రు. ఉత్తగ కూసున్న ముసలోన్ని చూడనికె ఎవరు వస్తరు.

నోరు మూస్తె చెవులు తెరుసుకుంటయని నాకు ఎవరు చెప్పలే. అవతల దగ్గు వినపడ్తది. చీపురు వినపడ్తది. రొట్టె కొట్టుడు వినపడ్తది, ఒక దిక్కె కొడ్తడు, గందుకె మాడుతది. గవన్నీ ఒక దిక్కు. కూత కూసినంక జర సేపటికి ఆయన ఊపిరి లోపలికి గుంజుకుంటడు, పాట ఎత్తుకునేటోని తీర్గ. గుంజుకొని, ఆపుతడు. మెల్లగ ఇడుస్తడు. దినాం గిదే. దినాం ఎత్తుకోబోతడు, దినాం ఆపుకుంటడు.

ఆయన కోసం దేవుని ఏం అడగాలెనో నాకు తెల్వలే. ఏం అడుగుదామన్నా నేనె అడ్డం ఉన్న. ఉత్తగ లోపల పేరు అన్న. తిమోతి, తిమోతి అని. గదే నా ప్రార్థన. నీ సహవాసంల దీనికి మార్కులు ఇయ్యరు కావొచ్చు.

పోయిన వారం అవతల ఇనుప పెట్టె ఈడ్చిన సప్పుడయింది. తాడు కట్టిన సప్పుడు గూడ. జాలహళ్ళి బండి పొద్దుగాలనె ఉంటది. నాకు లేసి ఉరుకుదామనిపించింది, ఏదో ఒకటి అని ఆపుదామనిపించింది. అంటె తమాషా అయితది. కండ్లు గట్టిగ మూసుకోని కూసున్న. ఇంట్ల ఎవరు లేరు, జయాబాయి నల్లా కాడికి పోయింది.

తలుపు కిర్రుమన్నది. ఎవరో వచ్చి నిలవడ్డరు. జర సేపటికి నా ముక్కు కింద ఒక ఏలు తగిలింది.

కండ్లు తెరిచిన. బావ. ప్రయాణం బట్టలల్ల ఉన్నడు, వంగలేక వంగి నా ఊపిరి చూస్తున్నడు.

"సచ్చినవనుకున్న" అన్నడు.

బిడ్డ, గప్పుడు నా నోట్లకు ఒక మాట వచ్చింది. నా బతుకుల అంత మంచి మాట ఎన్నడు రాలే. ఊరు ఊరంత నేను పోయినంక గూడ చెప్పుకుంటుండె. నాలుక కొస దాక వచ్చింది. మింగిన. గా మాట నీకు గూడ రాయ.

"గిన్ని దినాల సంది నీ సప్పుడు లే" అన్నడు. "ఒంట్ల బాగ లేదా?"

"బాగనె ఉంది."

"మరి ఏం చేస్తున్నవు?"

"నీ పేరు అంటున్న. లోపల."

"నా పేరుతోని నీకేం పని?"

"తప్పయింది బావా. మార్త మాట నేను అట్ల అనొద్దుండె. ఆమె నిన్ను పాడమన్నదని నాకు తెల్వకుండె. తెల్వకున్నా గూడ అనొద్దుండె."

ఆయన నా మొఖం దిక్కు చూసిండు. కండ్లల్ల, మూతి పక్కల, ఏడనన్నా నవ్వు దాచిపెట్టినానేమో అని ఎతికిండు. ఎంత సేపు చూసిండో. నేను గూడ ఆయనను చూసిన, మస్తు బక్కగయిండు. తర్వాత "ఆ దిక్కు జరుగు" అన్నడు. జరిగిన. నా భుజం పట్టుకోని చాప మీద కూలబడ్డడు. ఇద్దరం గట్లనె కూసున్నం. జాలహళ్ళి బండి పోయిన సప్పుడు వినపడ్డది. ఆయన గూడ విన్నడు, లేవలే.

జయాబాయి బిందెతోని వచ్చి చూసింది. పోయి రెండు గిలాసలల్ల చాయ్ తెచ్చి పెట్టింది. ఆమె గూడ ఏం అనలే. మా ఇంట్ల గంత సేపు ఎవరు ఏం అనకుండ ఉన్నది నేను పుట్టినంక గదే మొదటిసారి.

పెట్టెకు తాడు ఇంక కట్టే ఉంది. ఇప్పుతడో లేదో నేను అడగలే. ఆదివారం బల్లకు మాత్రం ఇద్దరం పోయినం.

ఇయ్యాల పొద్దుగాల కూత కూసింది. అవతల ఊపిరి గుంజుకున్నడు. నేను నా ఊపిరి ఆపుకున్న. ఎత్తుకున్నడు. పాత తీర్గనె, వ్యాగన్ల తీర్గనె. ఎప్పుడు తప్పే జాగల తప్పిండు. పాట అయిపోయింది. నా దిక్కు సప్పుడు లే. ఆయనకు అది నచ్చలే కావొచ్చు, బండల సందు నుంచి అడిగిండు.

"దావీదూ, ఏమన్నా అంటవా?"

"ఇంకోసారి పాడు" అన్న.

నేను నవ్వుతున్ననేమో అని ఆయన అవతల నుంచి చెవి పెట్టి వింటున్నడని తెలిసింది. వినని అని కూసున్న.

పాడిండు.

నీ తాత
దావీదప్ప